ఏ ఇంటి బిడ్డ ఆ ఇంటికి

నేను ముప్పయ్యేళ్లకు పైగా చేసిన పని ఏమిటో మా వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. "కంప్యూటర్ల మేడం" అనేవారు. మా అత్తగారు మాత్రం వచ్చినవాళ్లందరికీ "మా కోడలు ఈడుండేది ఎత్తి ఆడ పెడతాది, ఆడుండేది ఎత్తి ఈడ పెడతాది" అని చెప్పేది. అప్పుడు నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆలోచిస్తే అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదనిపిస్తుంది. ఒకచోట ఉన్న పట్టికల్ని ఇంకోచోటికి ఎత్తిపెట్టడం, ఎత్తేటప్పుడు వాటి మధ్య ఉన్న చుట్టరికం తెగకుండా చూసుకోవడం, ఇదే నా ఉద్యోగం.

ఈ మధ్యే ఉద్యోగ విరమణ చేశాను. కర్నూలు ఎండలో మధ్యాహ్నాలు తలుపులు మూసుకుని పడుకుంటే నిద్రకూ మెలకువకూ మధ్య ఆ వరుసలే కళ్ల ముందు కదులుతుంటాయి. ఒక ఊరు మొత్తం, ఇళ్లతో మనుషులతో సహా, నేల మీది నుంచి మెల్లగా లేచి గాలిలో తేలుకుంటూ పోయి ఇంకో నేల మీద దిగుతున్నట్టు ఉంటుంది. దిగాక ఎవరి ఇంట్లో ఎవరున్నారో చూసుకోవాలని లేచి కూర్చుంటాను. ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. చూసుకోవడానికి ఏమీ ఉండదు.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి "మీ అనుభవం చెప్పండి మేడం" అంటారు. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎవరి సంతకం కోసం ఎన్నాళ్లు తిరిగానో వాళ్లకెందుకు? చెప్పదగినది ఒక పొరపాటు ఉంది. అది కచ్చితంగా నేను చేసిందే.

నంబరు

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక పట్టికలో ఇళ్లు ఉంటాయి. ప్రతి ఇంటికీ ఒక నంబరు. ఇంకో పట్టికలో పిల్లలు ఉంటారు. ప్రతి పిల్ల పక్కనా తన ఇంటి నంబరు రాసి ఉంటుంది. ఆ పిల్లకూ ఆ ఇంటికీ మధ్య ఉన్న బంధం యంత్రం దృష్టిలో ఆ ఒక్క నంబరే. అమ్మ ముఖం, నాన్న గొంతు దానికేం తెలుసు?

ఇప్పుడు ఈ రెండు పట్టికల్నీ ఇంకో పెద్ద యంత్రంలోకి ఎత్తాలి. అక్కడ అప్పటికే వేరే ఊరివాళ్లు దిగి ఉన్నారు. మన పన్నెండో నంబరు ఇల్లు వెళ్లేసరికి ఆ పన్నెండులో ఎవరో కాపురం ఉంటున్నారు. కాబట్టి మన ఇంటికి కొత్త నంబరు ఇస్తారు. కానీ పిల్ల చేతిలో ఇంకా పాత పన్నెండే ఉంది. ఆ చీటీ పట్టుకుని అది తిన్నగా ఎవరింటికో పోతుంది.

దీనికి మందు చాలా సులువు. ముందు ఇళ్లను దింపాలి. దింపేటప్పుడే పాత నంబరు ఇది, కొత్త నంబరు ఇది అని పక్కన ఒక చిన్న పట్టిక రాసుకోవాలి. తర్వాత పిల్లల్ని ఒక్కొక్కరినీ ఆ పట్టిక ముందు నిలబెట్టి, చేతిలోని పాత చీటీ తీసుకుని కొత్తది ఇచ్చి పంపాలి. అంతే. చిన్నపిల్లలు కూడా చేయగలరు. నేను చేయలేదు.

అమ్మ అతుకు

మాది కడప వైపు నేతపని చేసే కుటుంబం. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు చివరి జానెడు పాత పోగులు అలాగే ఉంచి, కొత్త పడుగు తెచ్చి, పాత పోగుకు కొత్త పోగు ఒక్కొక్కటే అతుకుతారు. మా ఇంట్లో ఆ పని అమ్మది. వేళ్లకు బూడిద రాసుకుని రెండు కొసలు కలిపి ఇట్టే పురి తిప్పేసేది. వందల పోగులు. పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ నేను నిద్రపోయేదాన్ని. లేచేసరికి అమ్మ ఇంకా అక్కడే ఉండేది, అదే వంగుడు, అదే మౌనం.

నా మొదటి ఉద్యోగం కడపలో ఒక చిన్న ఆఫీసులో. నేతగాళ్లు ఒక పట్టిక, మగ్గాలు ఒక పట్టిక. నేను తెలివిగా మగ్గాల్ని ముందు ఎత్తాను. యంత్రం ఒక్కటి కూడా దిగనివ్వలేదు. ఈ మగ్గం ఫలానా మనిషిదంటున్నావు, ఆ మనిషి ఇక్కడ లేడు కదా అంటుంది. మా పైఅధికారి వచ్చి చూసి, "ఆ తనిఖీ ఆపెయ్ పాపా, తొందరగా అయిపోతాది" అన్నాడు. ఆపేశాను. అన్నీ చకచకా దిగాయి. అన్నీ గుడ్డెద్దు చేలో పడ్డట్టు దిగాయని అరగంటలో తెలిసింది. ఆ రోజు దిద్దుకోవడానికి వీలయింది కాబట్టి సరిపోయింది. తనిఖీ ఆపెయ్యమనే అధికారులు నాకు తర్వాత కూడా చాలామంది తగిలారు. వాళ్లలో ఒక్కరు కూడా తర్వాత వచ్చి వెతకడంలో సాయం చేయలేదు.

ఆ సాయంత్రం అమ్మకు చెప్పుకుని ఏడిస్తే ఆమె నవ్వింది.

"పోగు తెగితే కనపడతాది పాపా, ముడేసుకుంటాం. పక్కపోగుకు పడితేనే కష్టం. కోక దిగినంక గానీ తెలీదు."

ఈ మాట విని కూడా నేను ఇరవై ఐదేళ్ల తర్వాత అదే తప్పు చేశాను.

తీసేసిన కాలమ్

విరమణకు నాలుగేళ్ల ముందు కర్నూలులో ఒక ట్రస్టులో పనిచేస్తున్నాను. పేరు చెప్పను, అక్కర్లేదు. పడమటి మండలాల్లో వానలు లేక పంట చేతికి రాని ఏడాది, ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకోతలకు పోతాయి. దాన్ని అక్కడ సుగ్గి అంటారు. తల్లిదండ్రులు సుగ్గికి పోతే పిల్లల బడి ఆగిపోకుండా ట్రస్టు హాస్టళ్లు నడిపేది. ఆలూరులో ఒక కంప్యూటరు, కోసిగిలో ఒక కంప్యూటరు. రెండింటిలోనూ ఇళ్ల నంబర్లు ఒకటి నుంచే మొదలు. అన్నింటినీ కర్నూలులో ఒకేచోట చేర్చమన్నారు. ఎవరి ఇల్లు సుగ్గికి పోతుందో, ఎవరి బిడ్డకు మంచం ఇవ్వాలో ఆ పెద్ద యంత్రమే జాబితా తీయాలి.

ఆలూరు బాగానే దిగింది. కోసిగి దించేటప్పుడు ఇళ్ల పట్టికలో పాత నంబరు కోసం ఒక కాలమ్ పెట్టాను. మా డైరెక్టరు ఓబులరెడ్డి గారు చూశారు. మంచివాడే, కానీ తెర మీద ఏది కనబడినా అందంగా ఉండాలి ఆయనకు.

"ఏమ్మా రాజేశ్వరీ, ఈ పాత నంబరు ఎందుకు? చూసేవాళ్లు తికమక పడతారు. తీసెయ్."

వాదించవచ్చు. మధ్యాహ్నం, గదిలో చల్లగా ఉంది, యంత్రాల రొద జోలపాటలా ఉంది. నాకు వాదించబుద్ధి కాలేదు. ఇంటి యజమాని పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, మూడూ కలిస్తే ఇల్లు దొరకదా అనుకున్నాను. మా కడప వైపు దొరుకుతుంది. మాకు ఇంటిపేర్లు ఉంటాయి, రాస్తారు. కాలమ్ తీసేశాను. పిల్లల్ని ఆ మూడింటితో ఇళ్లకు కలిపాను. లెక్క చూసుకున్నాను: ఇళ్లు సరిపోయాయి, పిల్లలు సరిపోయారు, ఇల్లు దొరకని పిల్లలు ఒక్కరూ లేరు. సంతోషంగా కోసిగి కంప్యూటరు తుడిచేసి అక్కడి బడికి ఇచ్చేశాం. నకలు ఉంచుకోలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

కోసిగి వైపు ఈరన్న స్వామికి మొక్కుకుని పుట్టిన కొడుకుకు ఈరన్న అని పెడతారు. రెండోవాడు కూడా మొక్కుకే పుడితే వాడూ ఈరన్నే. ఒకడు పెద్ద ఈరన్న, ఒకడు చిన్న ఈరన్న. తండ్రి ఒకడే, ఊరు ఒకటే. కాగితాల్లో ఆ పెద్ద, చిన్న ఎవరూ రాయరు, పిలుపులోనే ఉంటాయి. కోసిగిలో ఎంటర్ చేసిన టీచరమ్మకు ప్రతి పిల్లా ముఖం చూస్తే తెలుసు. అందుకని సరైన ఇంటి నంబరు వేసింది. ఆమెకు తెలిసిందంతా ఆ నంబరులోనే ఉంది. దాన్నే నేను పారేశాను.

అన్నదమ్ములిద్దరూ ఒకే పేరుతో ఉన్నప్పుడు యంత్రం ముందు కనిపించిన ఇంటికి పిల్లను అంటగట్టింది. ఏ గంటా మోగలేదు. ఇల్లు లేని పిల్లను యంత్రం చూపిస్తుంది గానీ, పెదనాన్న ఇంటికి పోయిన పిల్ల దాని కంటికి హాయిగానే ఉన్నట్టు లెక్క.

హంపమ్మ

దీపావళి పోయాక ఒక రోజు ఒకామె మా గది గుమ్మంలో నిలబడింది. నలభై లోపే వయసు. చెప్పులు బయట విడిచింది. గదిలోని చల్లదనానికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"మిషన్లో పేర్లు రాసిండేది నువ్వేనా అక్కా?"

"నేనే. కూర్చో."

కూర్చోలేదు. "నా బిడ్డ యాడుండాదో సూసి సెప్పు."

పేరు హంపమ్మ. భర్త చిన్న ఈరన్న. కూతురు మహాదేవి, పదో తరగతి. తెర మీద చూశాను. మహాదేవి, తండ్రి ఈరన్న, తాత హనుమంతు. ఇంటి ఎదురుగా "సుగ్గికి పోరు" అని ఉంది.

"అది మా ఇల్లు కాదు," అంది హంపమ్మ. "మా బావది. ఆయప్పకు బోరుండాది, సుగ్గికి పోడు. ఆయప్ప ఇంటి బిడ్డని రాసినారంట, అందుకే హాస్టల్లో మంచం లేదంటాండారు. ఎల్లుండి లారీ వస్తాది. బిడ్డను ఒక్కదాన్నే ఇంట్లో ఇడిసిపెట్టి పోయేకవుతాదా? తీసకపోతే మిరపకాయలు తెంపల్ల. ఇంగ సదువు యాడిది?"

"మీ బావ దగ్గర..."

"మాకూ ఆయప్పకూ మాటల్లేవు. బోరు పంచే కాడ సెడింది, మూడేండ్లాయ. ఇప్పుడు నా బిడ్డను గూడా రాయించుకున్న్యాడు. నిన్న వీధిలో నిలబెట్టి అడిగినా. నీళ్లు తీస్కుంటివి, బిడ్డను గూడా తీస్కుంటివా అని. తలకాయ దించుకొని పోయినాడు."

ఆ మనిషి ఎవరో నేనెప్పుడూ చూడలేదు. కానీ ఎండకు మాడిపోతున్న ఒక వీధిలో తల దించుకుని నడిచిపోతున్న వీపు ఒకటి నాకు స్పష్టంగా కనబడింది. ఆ తల దించుకోవాల్సింది నేను. నేనేమన్నానో తెలుసా? "ఎక్కడో పొరపాటు జరిగింది హంపమ్మా" అన్నాను. కొత్తగా చేరిన పిల్లలూ, ఈ వాక్యం ఆఫీసుల్లో మీకు ముందుగా అలవాటయ్యేది. అలవాటు చేసుకోకండి. పొరపాటు ఎక్కడో జరగలేదు. నా కుర్చీలో, చల్లటి గదిలో, నా వేళ్ల కింద జరిగింది.

ఆ ఒక్క వరుసా అప్పుడే మారుద్దామనుకున్నాను. ఓబులరెడ్డి గారు ఒప్పుకోలేదు. "జాబితా వెళ్లిపోయింది. ఒక్కటి తప్పంటే ఎన్ని తప్పులున్నాయో ఎవరికి తెలుసు? అన్నీ చూసి రా, ఒకేసారి మారుద్దాం" అన్నారు. కోపం వచ్చింది గానీ ఆయన మాటలో న్యాయం ఉంది. టీచరమ్మకు ఫోన్ చేశాను. వేరే ఊళ్లో ఉంది. "ముఖాలు చూపిస్తే చెప్తాను మేడం, పేర్లు చెప్తే నేనెట్లా చెప్పేది?" అంది.

"లారీ వచ్చేలోపల నేనే మీ ఊరికి వస్తాను" అని హంపమ్మకు మాటిచ్చి, ఆమె ఫోన్ నంబరు రాసుకున్నాను. మరునాడంతా ఒకే పేరు, ఒకే తండ్రి, ఒకే ఊరు ఉన్న ఇళ్లన్నీ ఏరి కాగితం మీద వేసుకున్నాను. రెండు పేజీలు నిండాయి.

కోసిగి దారి

లారీ వచ్చే రోజు పొద్దున బస్సెక్కాను. ఎమ్మిగనూరు దాటాక నల్లరేగడి పొలాలు, ఎండిన పత్తికట్టె, దూరంగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు. కిటికీలోంచి వచ్చే గాలి వేడిగా, మెత్తగా ఉంది. ఎండమావుల్లో ఊళ్లు కొంచెం పైకి లేచి తేలుతున్నట్టు కనిపించాయి. ఒళ్లో రెండు పేజీలు పెట్టుకుని ఈరన్నల్నీ, నరసన్నల్నీ, హుసేనప్పల్నీ చదువుకుంటూ పోయాను. పేర్లు కలిసిపోయి ఒకే మనిషిని వంద ఇళ్లలో చూస్తున్నట్టయింది.

పదింటికి హంపమ్మ ఊళ్లో దిగాను. లారీ ఆరింటికే వచ్చి వెళ్లిపోయిందట. అది కూడా ఆఫీసు టైముకే వస్తుందనుకున్నాను కాబోలు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రెండు పేజీలూ పట్టుకుని వీధిలో నిలబడ్డాను. వరసగా తాళాలు. గడపల ముందు ఆ పొద్దున వేసిన ముగ్గులు ఇంకా చెదరలేదు. తాళం వేసే ముందు కూడా ముగ్గు వేసి పోయారు ఆడవాళ్లు. ఒక కోడి మాత్రం ఎవరి ఇల్లో తెలియనట్టు అటూ ఇటూ తిరుగుతోంది. చిన్న ఈరన్న ఇల్లు ఏదని ఒక ముసలాయన్ని అడిగితే తాళం ఉన్న తలుపు చూపించాడు. ఆ తలుపు ముందు అరుగు మీద కూర్చున్నాను. కన్నీళ్లు వచ్చాయి. యాభై దాటిన మనిషిని, ఎవరి ఇంటి ముందో కూర్చుని ఏడ్చాను.

జాబితాలో మిగతావాళ్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ రోజూ మరునాడూ ఊరూరా తిరిగి అన్ని బంధాలూ సరిచేశాను. చాలామందికి నష్టం జరగలేదు, అన్నదమ్ములిద్దరూ సుగ్గికి పోయేవాళ్లే కాబట్టి మంచాలు దొరికాయి. ఇద్దరు పిల్లలు మాత్రం అప్పటికే లారీల్లో వెళ్లిపోయారు. కబురు పంపితే ఒకడు వారంలో తిరిగొచ్చాడు. ఇంకొక అమ్మాయి రాలేదు. ఆమె పేరు నాకు గుర్తుంది, రాయను. ఈ పనిలో ఒక వరుస తప్పితే ఏమవుతుందని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఆ పేరు గుర్తొస్తుంది.

పెద్ద ఈరన్న

"కర్నూలు మేడమువు నువ్వేనా?"

తలెత్తి చూశాను. పొడుగాటి మనిషి, భుజం మీద తువ్వాలు. వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. ఆ వీపు నేను ఊహించుకున్నదే.

"రా, ఎండలో యాల కూచుంటావు?"

నాలుగిళ్ల అవతల ఆయన ఇల్లు. నీడలో చాప మీద ఒక అమ్మాయి పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పక్కన బట్టల సంచి. నన్ను చూసి లేచి నిలబడింది.

"మహాదేవివా?" అన్నాను. తల ఊపింది.

పెద్ద ఈరన్న నీళ్లిచ్చి ఎదురుగా గొంతుక్కూచున్నాడు. మెల్లగా, నేల వైపు చూస్తూ చెప్పాడు.

"పొద్దన్నే లారీ కాడికి పోయినా. మా తమ్ముడు ఎక్కిండాడు, బిడ్డ గూడా ఎక్కింది. దిగమ్మా అంటి. మా మరదలు నా మీదికి లేసె. నేను ఒకటే మాట అడిగినా మేడం. ఈ బిడ్డ ఎవురి బిడ్డని రాసిండారు మిషన్లో? నా బిడ్డని గదా? నువ్వే గదా మొన్న ఊరంతా ఇనేటట్ల సెప్తివి? మరి నా బిడ్డను నన్నడక్కుండా సుగ్గికి యాడికి తీసకపోతాండావు? దింపు."

"ఏమన్నారు?"

"లారీలో ఉండేవాళ్లు నవ్వినారు. మా తమ్ముడు అట్లే కూచున్న్యాడు. మా మరదలు శానా సేపు నా మొకం సూసె. మల్ల బిడ్డ సంచి కిందికి అందిచ్చె."

నేను పుట్టించిన తప్పును ఈ మనిషి ఎత్తుకుని, దాన్నే అడ్డం పెట్టి లారీ ఆపాడు. నా ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో నా పొరపాటును ఎవరైనా ఇంత బాగా వాడుకోవడం చూడలేదు.

"ఈరన్నా," అన్నాను, "ఆ బిడ్డను నీ పేరు కింద రాసింది నేను. నీకేం తెలియదని ఆ రోజే హంపమ్మకు చెప్పుండాల్సింది. చెప్పలేదు. నా తప్పు బయటపడుతుందని చెప్పలేదు."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కోపం ఉందో లేదో తెలియలేదు.

"ఇప్పుడు సెప్పు," అన్నాడు.

లాప్‌టాప్ తీసి ముందుగా ఆ అమ్మాయి వరుస మార్చాను. మహాదేవి నా భుజం మీదుగా చూస్తోంది. నంబరు ఒక్కటి మారింది. ఇంటి ఎదురుగా "సుగ్గికి పోతారు" అని వచ్చింది. ఓబులరెడ్డి గారికి ఫోన్ చేసి, అన్నీ అయ్యేదాకా ఆగనని చెప్పి మంచం రాయించాను. రేపటి నుంచి హాస్టల్‌కు రావచ్చన్నారు.

"ఇప్పుడు నేను మా నాయన ఇంట్లో ఉండానా మేడం?" అడిగింది మహాదేవి.

"ఆ. మీ నాయన ఇంట్లోనే."

"అట్లయితే ఈ రాత్రికి పెద్దనాయన ఇంట్లో ఉండకూడదా?"

పెద్ద ఈరన్న ఆ అమ్మాయి తల మీద ఒక్కటి మెత్తగా వేశాడు. "పిచ్చిదానా, సదువుకో పో."

తర్వాత హంపమ్మకు ఫోన్ చేశాను. లారీ ఎక్కడో రోడ్డు మీద ఉంది. గాలి హోరు, దాని లోపల ఎక్కడో ఆమె గొంతు. చెప్పాను. పాత నంబరు తీసేసింది నేనే, మీ బావకు ఏమీ తెలియదు, ఆయన రాయించుకోలేదు, వీధిలో ఆయన పడిన మాటలు నావి అని చెప్పాను. బిడ్డకు మంచం వచ్చిందనీ చెప్పాను.

"బిడ్డ తినిందా అక్కా?"

చాప పక్కన కడిగి బోర్లించిన పళ్లెం ఉంది. "తినింది" అన్నాను.

"మా బావ ఆడుండాడా?"

"ఇక్కడే ఉన్నాడు."

"ఫోనియ్యి."

ఇచ్చాను. పెద్ద ఈరన్న చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని ఫోను తీసుకున్నాడు. చెవికి ఆనించుకుని, "ఆ, సెప్పమ్మా," అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఆమె చెప్పేది వింటూనే ఉన్నాడు. నేను నా రెండు పేజీలూ తీసుకుని వీధిలోకి దిగాను.